అసలు, వడ్డీ, ఆరు తీగలు

ఈ సంచికలో బ్యాంకు లాకర్ల గురించి రాస్తానని కిందటిసారి మాటిచ్చాను. నామినేషన్ల మీద రాసింది చదివి బళ్లారి నుంచీ, షోలాపూర్ నుంచీ కొందరు పాఠకులు ఫోన్ చేసి మరీ అడిగారు. వారందరికీ క్షమాపణలు. లాకర్లు ఎక్కడికీ పోవు. వచ్చే సంచిక దాకా భద్రంగానే ఉంటాయి. ఈసారి మాత్రం నా సొంత గొడవ ఒకటి చెప్పుకోవాలనిపించింది. ఇందులోనూ చక్రవడ్డీ ఉంది, తరుగుదల ఉంది కాబట్టి శీర్షిక దారి తప్పిందని సంపాదకులు కోప్పడరనే ధైర్యంతో మొదలుపెడుతున్నాను.

మా అబ్బాయి ఇంజనీరింగులో చేరిన కొత్తలో ఒక గిటారు కొన్నాడు. ఆరు నెలలు ఇల్లు హోరెత్తించి, తర్వాత దాన్ని బీరువా మీదికి ఎక్కించి, ఉద్యోగానికి పూనా వెళ్లిపోయాడు. రెండేళ్ల కిందట దీపావళికి ఇల్లు దులుపుతూ మా ఆవిడ, "దీన్ని ఎవరికైనా ఇచ్చేయండి, లేకపోతే మీరైనా వాయించండి" అంది. రెండో మాట వేళాకోళానికే అంది. నేను నిజమనుకున్నాను. బరంపురం ఖల్లికోట కాలేజీలో బి.కాం. చదివే రోజుల్లో గిటారు పట్టుకున్న కుర్రాళ్లను చూసి అసూయపడ్డ బాపతు మనిషిని. ఆ అసూయ ఇన్నేళ్లూ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లాగా లోపలే ఉండిపోయిందని అప్పుడే తెలిసింది.

ఫోన్‌లో వీడియోలు పెట్టుకుని నేర్చుకున్నాను. చూపుడు వేలు ఇక్కడ పెట్టు, ఉంగరం వేలు అక్కడ నొక్కు, ఇది జి, ఇది సి, ఇది డి, ఇది ఇ మైనర్. వీటిని కార్డులంటారు. మా బ్యాంకులో కార్డు అంటే ఏటీఎం కార్డే కనుక, "ఈవేళ కొత్త కార్డు వచ్చింది" అని నేనంటే మా ఆవిడ "పాతది బ్లాక్ చేయించారా?" అని అడిగేది. ఎనిమిది నెలలు తిరిగేసరికి వేళ్ల కొనలు కాయలు కాచాయి, మూడు పాత సినిమా పాటలు వచ్చాయి. అక్కడితో బండి ఆగిపోయింది. ఆ మూడు పాటలే వాయిస్తాను, వేరే పాట ఇస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. అయినా నాకు పెద్ద దిగులేమీ లేదు, మా అమ్మ సంగతి జరిగేవరకూ.

మా అమ్మకు 82 ఏళ్లు. పర్లాకిమిడి ఆడపడుచు. సంగీతం నేర్చుకోలేదు, సరళీ స్వరాలు కూడా రావు. కానీ వాళ్లమ్మ దగ్గర విన్న మంగళహారతులు, లాలిపాటలు, పెళ్లిపాటలు నలభై యాభై దాకా కంఠతా వచ్చు. నాలుగేళ్లుగా మతిమరుపు ముదిరింది. పొద్దున్న తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. ఒక్కో రోజు నన్ను వాళ్ల తమ్ముడనుకుంటుంది, మా మావయ్య పేరుతోనే పిలుస్తుంది. నేనూ పలికేస్తాను. పాటలు మాత్రం ఒక్క చరణం కూడా పోలేదు. సాయంత్రం దీపం పెట్టే వేళకు వరండాలో కూర్చుని తనలో తను పాడుకుంటుంది. డాక్టరుగారు కూడా, పాడనివ్వండి, పాడించండి అన్నారు.

ఒకరోజు ఆవిడ పాడుతుంటే ఉత్సాహం పట్టలేక గిటారు తెచ్చి పక్కన కూర్చుని నాకొచ్చిన జి కార్డు మోగించాను. అమ్మ ఆగిపోయింది. మళ్లీ ఎత్తుకుంది, నేను మళ్లీ మోగించాను. "ఏట్రా బాబూ అది? నా పాట అలాగుండదు" అంది. ఆ తర్వాత పాడలేదు. ఆ సాయంత్రమే కాదు, వారం పది రోజులు పాడలేదు. వయసు వల్ల కావచ్చు, ఒంట్లో బాగోలేక కావచ్చు అని మా ఆవిడ నాకు సర్దిచెప్పింది. నేను మాత్రం గిటారును మళ్లీ బీరువా మీద పెట్టేశాను.

అలా ఒక మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఓ హైస్కూల్లో లెక్కలు చెబుతారు, ఆదివారం చర్చిలో గిటారు వాయిస్తారు. ఒరియావారే అయినా బరంపురంలో పుట్టి పెరిగినవారు కనుక తెలుగు మనతో సమానంగా మాట్లాడతారు. నాకంటే పదిహేనేళ్లు చిన్న. ఆయన నన్ను సార్ అంటారు, నేను ఆయన్ని మాస్టారూ అంటాను, పేచీ లేదు. నా మూడు పాటలూ ఓపిగ్గా విని ఒకే ప్రశ్న అడిగారు. "సార్, మీరు వాయించిన జి కార్డులో ఏయే స్వరాలున్నాయి?"

నా దగ్గర జవాబు లేదు. ముప్ఫై ఏళ్లు బ్యాంకులో పనిచేసి, డెబిట్ ఏదో క్రెడిట్ ఏదో చూడకుండా వోచరు మీద సంతకం పెట్టే గుమస్తాలను ఎంతమందిని కేకలేశానో! గిటారు దగ్గర ఎనిమిది నెలలుగా నేను చేస్తున్నదీ అదే పని.

మాస్టారు సిద్ధాంతం అనే పెద్ద మాట వాడలేదు. గిటారు మెడ చూపించి, "ఇన్ని మెట్లు ఎందుకున్నాయో, ఒక్కోటీ ఇంత దూరంలోనే ఎందుకుందో చెప్పండి, మీరు కామర్స్ కదా" అన్నారు. వీణకు 24 మెట్లున్నట్టే గిటారుకూ మెట్లుంటాయి. ఒక మెట్టు దాటితే ఒక స్వరస్థానం పెరుగుతుంది. స్వరాలు ఏడైనా స్వరస్థానాలు 12 కదా, అందుకని ఏ తీగైనా 12వ మెట్టు దగ్గర నొక్కితే పై షడ్జం వస్తుంది. అక్కడ తీగ పొడవు సరిగ్గా సగం, కంపనాలు రెట్టింపు. అయిదో తీగ వట్టిగా మీటితే సెకనుకు 110 కంపనాలు, 12వ మెట్టు దగ్గర 220.

అంటే వంద రూపాయలు 12 ఏళ్లలో రెండు వందలు కావాలి, ప్రతి ఏడూ ఒకే వడ్డీ రేటు మీద. ఎంత రేటు? బ్యాంకువాళ్లకు 72 సూత్రం నోటి లెక్క. 72ను 12తో భాగిస్తే 6. కచ్చితంగా వేస్తే నూటికి 5.946. నేను చెప్పగానే మాస్టారు, "అంతే సార్, మెట్టుకు 5.946 శాతం చక్రవడ్డీ. ఇదే గిటారు" అన్నారు. బారువడ్డీ అయితే 8.33 రావాలి. కానీ చెవి బారువడ్డీ ఒప్పుకోదు.

తీగ పొడవు వైపు నుంచి చూస్తే ఇది తరుగుదల లెక్క. తీగ 650 మిల్లీమీటర్లనుకోండి. మొదటి మెట్టు దగ్గర 36.5 తగ్గుతుంది. రెండోదానికి మళ్లీ 36.5 కాదు, మిగిలిన దాని మీద అదే శాతం, అంటే 34.4. అలా తగ్గుతూ తగ్గుతూ 12వ మెట్టు దగ్గర 325 మిగులుతుంది. ఆస్తి తరుగుదలను మిగిలిన విలువ మీద కట్టే పద్ధతి అచ్చంగా ఇదే. గిటారు మెట్లు కిందికి వెళ్తున్నకొద్దీ ఇరుకవడానికి కారణం ఇది. ఇటలీలో వించెంజో గెలీలీ అనే ల్యూట్ వాద్యకారుడు 1581లోనే, ప్రతి మెట్టుకూ మిగిలిన తీగలో 18వ వంతు తగ్గించమని సులువు సూత్రం రాశాడు. దుర్భిణితో ఆకాశాన్ని చూసిన గెలీలియోకు ఆయన కన్నతండ్రి. మా వాళ్ల ఆడిట్ పార్టీలో ఉండాల్సిన మనిషి.

ఇక్కడ ఒక చిన్న మోసం కూడా ఉంది. షడ్జం వంద రూపాయలైతే, స్వచ్ఛమైన పంచమం నూట యాభై. 7 మెట్ల చక్రవడ్డీ వేసి చూడండి, 149.83 వస్తుంది. 17 పైసలు తక్కువ. ఫరవాలేదు, ఎవరూ పట్టించుకోరు. అంతర గాంధారం స్వచ్ఛంగా 125 ఉండాలి. 4 మెట్ల మీద గిటారు ఇచ్చేది 125.99. దాదాపు రూపాయి ఎక్కువ! ఏ మెట్టునైనా షడ్జంగా పెట్టుకుని వాయించుకునే సౌకర్యం కోసం ఇలా అన్నిటినీ కొంచెం కొంచెం సర్దేశారు. కీబోర్డుదీ ఇదే కథ. మేము లెక్కల్లో పైసలు రౌండాఫ్ చేసినట్టే. మనిషి గొంతుకు మాత్రం మెట్లు లేవు కదా, అది రౌండాఫ్ చెయ్యదు. ఈ రూపాయి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

తర్వాతి నెల స్వరాల వరస. రెండు మెట్లు, రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి. ఈ వరసలో నడిస్తే పాశ్చాత్యుల మేజర్ స్కేలు, మన శంకరాభరణం. 29వ మేళకర్త. మన పిల్లలకు మాయామాళవగౌళతో పాఠం మొదలైతే వాళ్ల పిల్లలకు దీనితో మొదలవుతుంది. ముత్తుస్వామి దీక్షితులవారు ఇంగ్లీషు బ్యాండు మెట్లు విని వాటికి సంస్కృత సాహిత్యం కట్టింది ఈ స్వరాల మీదే, నొట్టుస్వరాలంటారు వాటిని. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలిన్‌ను మన సంగీతంలోకి తెచ్చినవారు. రెండువందల ఏళ్ల కిందట మద్రాసులో అన్నదమ్ములు నిస్సంకోచంగా చేసిన పనికి నేను ఇప్పుడు జంకడమేమిటనిపించింది.

ఆ వరసలో ఒకటి విడిచి ఒకటి, స గ ప తీసుకుంటే కార్డు. స నుంచి కట్టితే ఒకటో కార్డు, మ నుంచి కట్టితే నాలుగోది, ప నుంచి కట్టితే అయిదోది. స, మ, ప నుంచి వచ్చేవి మేజర్. రి, గ, ద నుంచి వచ్చేవి మైనర్. కింది గాంధారం ఒక మెట్టు తగ్గడమే తేడా. నేను బట్టీపట్టిన జి, సి, డి అనేవి జి షడ్జమైనప్పుడు ఒకటి, నాలుగు, అయిదు, అంతే! ఎఫ్ షడ్జమైతే ఆ ఉద్యోగాల్లో ఎఫ్, బి ఫ్లాట్, సి ఉంటారు. బ్రాంచిలో మేనేజరు పోస్టు ఎప్పుడూ ఉంటుంది, బదిలీల మీద మనుషులు మారతారు. ఈ ఒక్క ముక్క తెలిసిన రోజు రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదంటే నమ్మండి. ఎనిమిది నెలలు మనుషుల పేర్లు నేర్చుకున్నాను గానీ, పోస్టులు ఉంటాయని ఎవరూ చెప్పలేదు.

మా ఆఫీసులో ఒక మిత్రుడు ఈ చదువంతా దండగన్నాడు. అమెరికాలో వెస్ మాంట్‌గోమరీ అనే మహా గిటారిస్టుకు స్వరలిపి చదవడమే రాదట కదా అన్నాడు. రాదన్నమాట నిజమే. ఆయన రికార్డులు విని చెవితోనే నేర్చుకున్నారు. కానీ కాగితం మీద చుక్కలు చదవడం వేరు, ఏ స్వరం పక్కన ఏది నిలుస్తుందో తెలియడం వేరు. రెండోది ఆయనకు చెవిలోనే ఉంది. నా చెవిలో లేదు, కాబట్టి లెక్కతో తెచ్చుకుంటున్నాను. మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్‌గారు మెట్లున్న వాద్యం మీద తీగను లాగి గమకాలు పలికించారు. మెట్ల మధ్యన ఏముందో తెలిసినవారికే అది సాధ్యం. అయితే మా మిత్రుడి మాటలో కొంత నిజం లేకపోలేదు. ఉత్సాహం కొద్దీ ఒక లావుపాటి థియరీ పుస్తకం తెచ్చి ఆఖరి అధ్యాయం దాకా ఒకటే చదివాను. నెల రోజులు గిటారు ముట్టలేదు. మాస్టారు పుస్తకం తీసి తన సంచిలో వేసుకుని, "తర్వాతి పాటకు ఎంత కావాలో అంతే నేర్చుకోండి సార్" అన్నారు. అది ఇంకా ఆయన దగ్గరే ఉంది.

నేర్చుకోదలచినవారికి ఒక్క అభ్యాసం చెబుతాను, మిగతావి మీ మాస్టారు చెబుతారు. రోజూ పావుగంట, ఆరో తీగ మీద స్వరం పేరు పైకి అంటూ నొక్కాలి. వట్టి తీగ ఇ, 1 ఎఫ్, 3 జి, 5 ఏ, 7 బి, 8 సి, 10 డి, 12 మళ్లీ ఇ. నొక్కేముందే ఆ స్వరాన్ని గొంతుతో పలకడానికి ప్రయత్నించాలి. మొదటి పదిహేను రోజులు ఇంట్లోవాళ్లు భరించాలి. ఆ తర్వాత ఎవరేది పాడినా వాళ్ల షడ్జం ఏ మెట్టు మీదుందో వెతుక్కోవచ్చు. నా చదువంతా దీని కోసమే.

అమ్మ మళ్లీ పాడటం మొదలుపెట్టింది. ఒకనాడు చింతపండులో గింజలు తీస్తూ మంగళహారతి పాట అందుకుంది. నేను దూరంగా కూర్చుని, ఆవిడకు వినపడనంత మెల్లగా ఆరో తీగ మీద వేలు జరుపుకుంటూ వెళ్లాను. మొదటి మెట్టు దగ్గర కలిసింది. ఎఫ్. మనవాళ్ల లెక్కలో 4 శ్రుతి. ఆ రోజు నేను మోగించింది జి. ఆవిడ పాట ఒకచోట, నా కార్డు రెండు మెట్లు పైన! ఆగిపోక ఏం చేస్తుంది?

కాపో అని ఒక చిన్న బిగింపు ఉంటుంది. దాన్ని ఏ మెట్టు మీద బిగిస్తే అక్కడినుంచి గిటారు మొదలైనట్టు. మూడో మెట్టు మీద బిగించి డి కార్డు ఆకారం పట్టుకుంటే ఎఫ్ మోగుతుంది. మర్నాడు అలాగే సిద్ధం చేసుకుని కూర్చున్నాను. అమ్మ ఎత్తుకుంది. ఒకటో కార్డు మోగించాను. ఆగలేదు! నా ఆనందానికి హద్దు లేదు. నేర్చినదంతా చూపించాలి కదా, రెండో చరణంలో నాలుగో కార్డు వేశాను. అమ్మ పాట ఆపి గుమ్మం వైపు చూసి, "ఎవరో వచ్చినట్టున్నారు చూడ్రా" అంది.

ఎవరూ రాలేదు. మాస్టారికి ఈ సంగతి చెబితే నవ్వి, ఆ పాటలో ఏ స్వరాలున్నాయో రాసుకు రమ్మన్నారు. రెండు సాయంత్రాలు కూర్చుని రాశాను. స రి గ ప ద. మోహనం! మధ్యమం లేదు, నిషాదం లేదు. నాలుగో కార్డు అంటే మ ద స. పాటలో లేని మధ్యమాన్ని నేనే తెచ్చి కూర్చోబెట్టాను. ఎవరో వచ్చారని అమ్మ అన్నది అక్షరాలా నిజం. అయిదో కార్డులో నిషాదం ఉంటుంది కనుక అదీ పోయింది. మిగిలినవి స మీది కార్డు, ద మీది మైనరు కార్డు, రెండే. వాటితో వాయిస్తే అమ్మ ఆగలేదు గానీ, గాంధారం దగ్గర కొంచెం మొహం చిట్లిస్తున్నట్టు అనిపించింది. ఎందుకో అర్థం కాలేదు. రాత్రి పడుకున్నాక తట్టింది, ఆ 99 పైసలు! ఆవిడ గొంతు 125 దగ్గర నిలబడుతుంటే నా గిటారు 125.99 అంటోంది. అదే కారణమని నేను ప్రమాణం చేయలేను గానీ, మర్నాడు గాంధారాన్ని తీసేశాను. డి ఆకారంలో గాంధారం ఉండేది మొదటి తీగ మీద. ఆ ఒక్క తీగ మీటకుండా నాలుగు, మూడు, రెండో తీగలు మీటితే స ప స. ఇంకేమీ ఉండదు.

తంబురా చేసేది ఇదే కదా అని మీరంటారు. నిజమే. ఏడాదిన్నర కార్డులు నేర్చుకుని చివరికి వాటిని ఒక్కొక్కటిగా తీసేసి తంబురా దగ్గరికి వచ్చాను. అయితే ఏది తీయాలో తెలియడానికి ఏడాదిన్నర పట్టింది. అమ్మ కళ్లు మూసుకుని ఆరు చరణాలూ పాడింది. అయ్యాక, "శ్రుతి బాగుంది, ఎవరింటి అబ్బాయివి?" అని అడిగింది. చెప్పాను. "అలాగా, మళ్లీ రా" అంది.

ఇప్పుడు సాయంత్రాలు అలాగే గడుస్తున్నాయి. మొన్న వీడియో కాల్‌లో మా అబ్బాయి చూసి, "నాన్నా, మొదటి తీగ ఎందుకు మీటడం లేదు? తెగిపోయిందా?" అన్నాడు. పూర్తి లెక్క చెప్పాను, పైసలతో సహా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. దసరాకు వస్తానన్నాడు. గిటారు తిరిగివ్వనని ముందే చెప్పేశాను.

అమ్మ గొంతు ఈమధ్య ఇంకొంచెం దిగింది. శ్రావణమాసం వచ్చాక ఎఫ్ అందడం లేదు, ఇ దగ్గర పాడుతోంది. కాపో మూడో మెట్టు మీదినుంచి రెండో మెట్టుకు జరిపాను.